నీటి దారిన నగర సందర్శనము

మన కళాశాలలలో ప్రతి సంవత్సరము విహారయాత్ర ప్రస్తావన వచ్చినప్పుడు దూరపు ఊళ్ళ పేర్లే ముందుగా వినవచ్చును. మైసూరు, ఊటీ, అజంతా, ఆగ్రా అని విద్యార్థులు ఉత్సాహపడుదురు. రుసుము నిర్ణయమగును, పేర్ల పట్టిక సిద్ధమగును. ఆ పట్టికను ఒకసారి పరిశీలించి చూచినచో అందులో ఉన్న పేర్ల కంటె లేని పేర్లే మనలను ఎక్కువగా ఆలోచింపజేయును. రుసుము చెల్లింపలేని ఇంటి పిల్లలు, రాత్రి బయట నిలుచుటకు అనుమతి లేని ఆడపిల్లలు, సాయంకాలము దుకాణములో తండ్రికి తోడుండవలసిన యువకులు ఆ పట్టికలోనికి ఎక్కరు. యాత్ర విజ్ఞానము కొరకే అయినచో ఆ విజ్ఞానము వీరికి ఎందుకు అందరాదు?

మరియొక విచిత్రము కలదు. ఎక్కడెక్కడి నుండియో జనులు మన హైదరాబాదు నగరమును చూడవచ్చుచున్నారు. ఈ నగరములోనే పుట్టి పెరిగిన మనలో గోలకొండ శిఖరము ఎక్కనివారు, పురానాపూల్ మీదుగా నిత్యము పోవుచు దాని వయస్సు ఎరుగనివారు ఎందరో ఉన్నారు. చూచినవారు సైతము ఒక కోట, ఒక మసీదు, ఒక చెరువు, ఒక వస్తుప్రదర్శనశాల అని వేరువేరు చిత్రపటములవలె చూచి వచ్చుచున్నారు. వీటన్నిటిని ఒక్క దారమున గ్రుచ్చి చూచు మార్గము ఏదైన ఉన్నదా అని మేము ఆలోచించినప్పుడు మాకు తోచిన సమాధానము ఒక్కటే: నీరు. నీటి దారి పట్టి నడచినచో ఈ నగరము ఒక పాఠ్యగ్రంథమువలె పుట వెంట పుటగా తెరచుకొనును. ఆ పాఠమును విద్యార్థుల ముందు, కళాశాల కార్యవర్గ పెద్దల ముందు ఉంచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

1. గోలకొండ: కొండ ఎక్కిన నీరు

మన పాఠము గోలకొండతో ఆరంభము కావలెను. కాకతీయుల కాలమున మట్టికోటగా ఉండిన ఈ దుర్గము పదునాలుగవ శతాబ్దిలో బహమనీ సుల్తానుల వశమై, 1518 ప్రాంతమున సుల్తాన్ కులీ కుతుబుల్ ముల్క్ స్వతంత్రించిన పిదప కుతుబ్ షాహీ వంశమునకు రాజధాని అయినది. రాతి ప్రాకారములు, 8 ద్వారములు, 87 బురుజులు ఈ కోటకు కలవు. సందర్శకులకు మార్గదర్శకులు మొట్టమొదట చూపునది ఫతే దర్వాజా వద్ద చరచిన చప్పట్ల ధ్వని. ఆ చప్పుడు పైనున్న బాలాహిస్సార్ వరకు వినిపించుట నిజముగ ఆశ్చర్యకరమే. కాని చప్పట్లు చరచి అంతటితో మరలివచ్చువాడు కోటలోని అసలు అద్భుతమును చూడనివాడే అని మా అభిప్రాయము.

బాలాహిస్సార్ సుమారు 400 అడుగుల ఎత్తున ఉన్నది. ఆ ఎత్తున అంతఃపురము, దర్బారు, ఉద్యానములు, స్నానవాటికలు ఉండవలెనన్నచో నీరు కొండ ఎక్కవలెను. విద్యుత్తు లేని కాలమున నీరు ఎట్లు ఎక్కినది? ఈ ప్రశ్న వేసికొని మెట్లు ఎక్కుచున్నచో సమాధానము మనకు ఇరుప్రక్కల కనిపించుచునే ఉండును. ఒక అంతస్తు నుండి మరియొక అంతస్తునకు జలచక్రములతో నీటిని తోడి, ప్రతి అంతస్తున ఒక తొట్టిలో నిలిపి, అచ్చట నుండి మట్టిగొట్టముల ద్వారా భవనములకు పంచిరి. గోడల నడుమ ఆ మట్టిగొట్టముల ముక్కలను నేటికిని చూడవచ్చును. కోటకు నీరిచ్చిన జలాశయములలో దుర్గం చెరువు ఒకటి. కోట ప్రాకారము లోపలి కటోరా హౌజ్ కూడ ఆనాటి జలవ్యవస్థలోనిదే. 1687లో ఔరంగజేబు సైన్యము ఎనిమిది నెలలు ముట్టడించిన పిదప కాని ఈ కోట లొంగలేదు. అప్పుడైనను లోపలివారి ద్రోహమున ద్వారము తెరువబడుట చేత లొంగినది. అంతకాలము కోట నిలుచుటకు గోడల బలముతో పాటు లోపలి నీటి నిలువ కూడ కారణమని గ్రహించుట చరిత్ర విద్యార్థికి అవసరము.

కోటకు చేరువనే కుతుబ్ షాహీల సమాధులు ఉన్నవి. గుమ్మటముల సొగసు చూచుచు మెట్ల బావులను మరచిపోవుట కూడదు. ఉర్దూలో బావలీ అనబడు ఈ దిగుడు బావులు ఆ తోటలకు ప్రాణాధారములు. వీటిలో పెద్దదైన బడీ బావలీ గోడ 2013లో వర్షములకు కూలిపోయినది. ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ, రాష్ట్ర ప్రభుత్వము కలసి ఈ ప్రాంగణమున చేపట్టిన జీర్ణోద్ధరణములో ఆ బావి తిరిగి లేచి నిలచినది. గోలకొండ మెట్ల బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో వారి ఆసియా పసిఫిక్ పురస్కారము లభించినది. రాజుల శవములకు అంత్యస్నానము చేయించిన హమాము కూడ ఆ ప్రాంగణముననే ఉన్నది. జననము నుండి మరణము వరకు నీటి అవసరము ఎంతటిదో ఆ కట్టడములు చూచినవారికి వేరుగా బోధింప పనిలేదు.

2. హుస్సేన్ సాగరము: ఇబ్రహీం కుతుబ్ షా కాలము

కోట నుండి మనము ఇబ్రహీం కుతుబ్ షా కాలమునకు రావలెను. ఈయన 1550 నుండి 1580 వరకు పాలించెను. రాజ్యము లభింపక పూర్వము ఏడేండ్లు విజయనగరమున ఆశ్రయము పొంది, తెలుగుభాషయందు అభిమానము గడించెను. తెలుగు కవులు ఈయనను ‘మల్కిభరాముడు’ అని తమ నుడికారమునకు తగినట్లు పిలుచుకొనిరి. అద్దంకి గంగాధరకవి ‘తపతీసంవరణోపాఖ్యానము’ను ఈయనకే అంకితమిచ్చెను. ఉర్దూ, తెలుగు రెండును నేర్పు మన కళాశాలకు ఇంతకంటె దగ్గరి చుట్టరికము మరొకటి ఉండదు.

ఆయన కాలముననే, 1562 ప్రాంతమున, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో హుస్సేన్ సాగరము నిర్మింపబడినది. హైదరాబాదు నగరము పుట్టుటకు దాదాపు మూడు దశాబ్దములకు పూర్వమే ఈ చెరువు ఉన్నది. అనగా నగరము కొరకు చెరువు త్రవ్వలేదు. చెరువు ఉన్న చోటికే నగరము పెరుగుచు వచ్చి, చివరకు దానిని చుట్టుముట్టినది. ఒకప్పుడు త్రాగునీరు ఇచ్చిన ఈ జలాశయములోనికి నగరపు మురుగు, కర్మాగారముల వ్యర్థములు చేరి నీరు చెడినది. శుద్ధి ప్రయత్నములు ఎన్ని జరిగినను ఇది తిరిగి త్రాగునీటి చెరువు కాలేదు.

చెరువు కట్టపై నిలచి చూచినచో జంటనగరముల కలయిక, తెలుగువారి మహనీయుల విగ్రహములు, నీటి నడుమ బుద్ధ విగ్రహము కనిపించును. రాయగిరి శిలలో మలచిన ఆ ఏకశిలా విగ్రహము 1990లో తరలించుచుండగా నీట మునిగి, ప్రాణనష్టము సైతము జరిగినది. 1992 డిసెంబరులో దానిని పైకి తీసి ప్రతిష్ఠించిరి. సాయంకాలము దీపముల వెలుగులో ఆ దృశ్యము మనోహరమే. అయితే విద్యార్థి అచ్చట మూడు సంగతులు ప్రత్యేకముగ గమనింపవలెను: కట్ట ఎచ్చట మొదలై ఎచ్చట ముగియుచున్నది, నీరు లోనికి వచ్చు కాలువ ఏది, మిగులు నీరు వెలుపలికి పోవు మత్తడి ఏది. ఈ మూడును తెలిసినవానికి ఏ చెరువైనను అర్థమగును. చెరువు అనగా నీటి గుంట మాత్రమే కాదు. వచ్చు దారి, నిలుచు చోటు, పోవు దారి అను మూడింటి కూడిక. ఈ మూటిలో ఏ ఒక్కటి మూతపడినను చెరువు చెడును, లేదా ఊరు మునుగును.

3. పురానాపూల్ నుండి చార్మినార్ వరకు

మూసీ నదిపై పురానాపూల్ 1578లో కట్టబడినది. 22 కమానుల ఈ వంతెన నేటికిని నిలచి ఉన్నది. యువరాజు మహమ్మద్ కులీ భాగమతి అను సుందరి కొరకు వరదలో నదిని దాటెననియు, అది విని తండ్రి ఈ వంతెన కట్టించెననియు ఒక కథ జనశ్రుతిలో ఉన్నది. కథ మధురమైనదే. కాని మహమ్మద్ కులీ 1580లో సింహాసనమెక్కునాటికి ఆయన వయస్సు పదునాలుగు పదునైదేండ్లు మాత్రమే. వంతెన అంతకు రెండేండ్ల ముందే పూర్తి అయినది. కనుక పండ్రెండు పదమూడేండ్ల బాలుని ప్రణయమునకై వంతెన కట్టిరనుట ఎంతవరకు నమ్మదగునో విద్యార్థులే ఆలోచింపవచ్చును. ప్రసిద్ధ చరిత్రకారుడు హారూన్ ఖాన్ షేర్వాణీ భాగమతి గాథను చరిత్రగా అంగీకరింపలేదు. గోలకొండ వర్తకము మచిలీపట్నము రేవునకు పోవుటకు నదిపై నమ్మకమైన దారి కావలసి ఉన్నది. ఆ అవసరమే వంతెనను కట్టించినదనుట యుక్తియుక్తము. కథను ప్రేమింపవచ్చును, కాని తేదీలను సరిచూచుట మరువరాదు. సందర్శనమునకును అధ్యయనమునకును గల భేదము ఇదియే.

గోలకొండలో జనసమ్మర్దము పెరిగి, నీటికి ఇబ్బంది కలిగి, నదికి దక్షిణమున క్రొత్త నగరము అవసరమైనది. 1591లో, హిజ్రీ వేయవ సంవత్సరము ప్రారంభమగు వేళ, మహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాదునకు పునాది వేసెను. నగర నిర్మాణ ప్రణాళికలో ఆయన పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ హస్తము ప్రధానమైనది. నాలుగు దారుల కూడలిలో చార్మినార్ నిలచినది. దానికి ఉత్తరమున నాలుగు కమానులు, వాటి నడుమ గుల్జార్ హౌజ్ అను జలాశయము ఏర్పరచిరి. నగర హృదయమున మొదట నీటిని నిలిపిన ఆ దూరదృష్టిని నేడు ఎందరు గుర్తింతురు? గుల్జార్ హౌజ్ ఇప్పుడు వాహనముల రొదలో చిన్న జలయంత్రముగ మాత్రమే కనిపించుచున్నది. నగల దుకాణములకు వచ్చువారు దానిని చుట్టి పోవుదురే కాని నిలచి చూచువారు అరుదు.

ఈ నగర స్థాపకుడు స్వయముగా కవి. దక్కనీ ఉర్దూలో ఆయన రచించిన కవితలు పెద్ద సంపుటముగ వెలసినవి. వాటిలో ఇచ్చటి పండుగలు, ఋతువులు, వానలు, పండ్లు, పూలు కనిపించును. ఒక వంక ఆస్థానమున దక్కనీ కవిత వికసించుచుండగా, ఆ తండ్రికొడుకుల కాలముననే పొట్లచెరువును ఏలిన అమీన్ ఖాన్ అను అధికారికి పొన్నెగంటి తెలగనార్యుడు అచ్చతెలుగులో ‘యయాతి చరిత్రము’ అంకితమిచ్చెను. ఆ పొట్లచెరువే నేటి పటాన్‌చెరు. ఊరి పేరులోనే చెరువు ఉన్నది గమనింపుడు.

మక్కా మసీదు నిర్మాణము 1617లో సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా కాలమున ఆరంభమై 1694లో ఔరంగజేబు కాలమున ముగిసినది. ఆవరణలోని హౌజ్ వద్ద వుజూ చేయువారిని చూచినచో నీటికి గల పవిత్రస్థానము బోధపడును. సమీపముననే పత్తర్‌గట్టి వద్ద బాద్‌షాహీ ఆషూర్‌ఖానా కలదు. దాని గోడలపై 1611 నాటి రంగుపలకల చిత్రణ కన్నుల పండువగా ఉండును. అయితే గోడల క్రింది భాగమున పైనున్న మెరుగు కనిపించదు. అచ్చట పలకలు పోయి రంగులు పూయబడినవి. ఏల? 1908 నాటి వరద అంత ఎత్తున వచ్చినది. ఆ గోడయే మన తరువాతి పాఠమునకు మొదటి వాక్యము.

4. 1908 సెప్టెంబరు 28

ఆనాడు నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పాలన. విడువక కురిసిన కుంభవృష్టికి మూసీ ఒడ్డులు దాటినది. వంతెనలు మునిగినవి, ఇండ్లు వేల సంఖ్యలో కూలినవి. మృతుల సంఖ్య సుమారు 15,000 అని అంచనా. అఫ్జల్ గంజ్ వద్ద, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉన్నది. ఆ నాడు దాని కొమ్మల నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. నగరమున మీరు చూడదగిన స్మారకములలో ఈ చెట్టు వంటిది మరొకటి లేదని మేము తలంతుము. దానికి గుమ్మటము లేదు, మినారు లేదు. అయినను అది నిలిపిన ప్రాణములను లెక్కించినచో ఏ రాజభవనమునకును తీసిపోదు.

వరదకు కారణము వాన ఒక్కటే కాదు. మరుసటి సంవత్సరము నిజాం ప్రభుత్వ ఆహ్వానముపై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఈ నదీ పరీవాహక ప్రాంతమును పరిశీలించెను. ఎగువన వందలాదిగా ఉన్న చెరువులలో రెండు వందలకు పైగా కట్టలు తెగినవని తేలినది. ఒక చెరువు తెగి దిగువ చెరువుపై పడగా అదియు తెగి, ఆ నీరంతయు ఒక్కసారిగా నగరముపై విరుచుకుపడినది. గొలుసుకట్టు చెరువులు చక్కగ ఉన్నంతకాలము ఒకటి మరొకటికి అన్నము పెట్టును. ఒకటి చెడినచో తక్కినవానిని కూడ వెంట తీసికొనిపోవును. కుటుంబములకు, సమాజములకు సైతము ఇదియే నీతి వర్తించును.

5. ఆపద నేర్పిన పాఠము: జంట జలాశయములు

విశ్వేశ్వరయ్య సూచించిన మార్గము సరళమైనది: వరదను నగరము చేరక మునుపే ఎగువన నిలిపివేయవలెను, నిలిపిన నీటినే త్రాగునీటిగ వాడుకొనవలెను. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్ సాగర్ 1927లోను పూర్తి అయినవి. ఉస్మాన్ సాగర్‌నే జనులు గండిపేట చెరువు అందురు. ప్రాణములు తీసిన నీరే ప్రాణములు పోయు నీరుగ మారినది. ‘గండిపేట నీళ్ళు త్రాగినవాడు హైదరాబాదు విడువడు’ అను మాట ఈ నగరమున పుట్టినది ఇందువలననే.

అదే కాలమున నగరాభివృద్ధి సంస్థ ఏర్పడి, మూసీ తీరమును తీర్చిదిద్దినది. నేడు నది ఇరువైపుల చూడవచ్చు గంభీర భవనములు, అనగా 1920 నాటి హైకోర్టు, 1925 నాటి ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కళాశాల మున్నగునవి ఆ వరద అనంతర యుగపు ఫలములే. న్యాయము, వైద్యము, విద్య మూడును నది ఒడ్డున వరుసగ నిలచిన దృశ్యమును నయాపూల్ మీద నుండి ఒకసారి తిలకింపుడు. సాలార్‌జంగ్ మ్యూజియము కూడ 1968 నుండి ఈ తీరముననే ఉన్నది. అందలి మేలిముసుగు రెబెక్కా శిల్పమును, గంటలు కొట్టు గడియారమును చూచుటకు అందరును గుమిగూడుదురు. చూడవలసినవే. కాని వెలుపలికి వచ్చిన పిమ్మట ఎదుట నున్న నదిని కూడ ఒక ప్రదర్శన వస్తువువలె నిలచి చూడవలెనని మా మనవి. అందలి మురుగు మన ఇండ్ల నుండి వచ్చినదే.

ఈ సందర్భమున పాతనగరమునకు పడమటనున్న మీరాలం చెరువును ప్రస్తావింపక తప్పదు. పందొమ్మిదవ శతాబ్ది తొలి దశకమున దివాను మీర్ ఆలం పేర వెలసిన ఈ చెరువు కట్ట సామాన్యమైన మట్టికట్ట కాదు. 21 అర్ధవృత్తాకారపు రాతి కమానులను ప్రక్కప్రక్కన నిలిపి, వాటి ఉబ్బెత్తు వైపును నీటి వంకకు త్రిప్పిరి. నీటి ఒత్తిడి కమాను వంపు వెంబడి జారి ఇరుప్రక్కల స్తంభములకు చేరును. కనుక గోడ పలుచనిదైనను నిలచును. భౌతికశాస్త్ర విద్యార్థులకు పుస్తకములోని బొమ్మ కంటె ఈ కట్ట మేలైన పాఠము. 1963లో ప్రారంభమైన నెహ్రూ జంతు ప్రదర్శనశాల దీని ప్రక్కనే ఉన్నది. జంతువులను చూడవచ్చిన బాలలకు ఈ కట్టను కూడ చూపినచో ఒక దినమున రెండు శాస్త్రములు నేర్పినట్లగును.

6. పేర్లలో దాగిన చెరువులు

ఇంతవరకు కంటికి కనిపించు జలాశయములను చెప్పితిమి. కంటికి కనిపింపక పేర్లలో మాత్రమే మిగిలినవి ఇంకను పెక్కు ఉన్నవి. వాటిని చదువుటకు రెండు భాషలు కావలెను. ఆ భాగ్యము మన కళాశాల విద్యార్థులకు కలదు.

పాతనగరమున తలాబ్ కట్ట అను వాడ ఉన్నది. ‘తాలాబ్’ ఉర్దూ, ‘కట్ట’ తెలుగు. చెరువు ఒక భాషలో, దాని గట్టు మరొక భాషలో! ఈ పేరు ఏ పండితుడును సభ చేసి పెట్టినది కాదు. ఒకే చెరువు నీరు త్రాగి, ఒకే గట్టున నడచిన జనుల నోట తనంత తాను పుట్టినది. మాసాబ్ ట్యాంక్ అనునది ‘మా సాహెబా’ పేర వెలసిన చెరువు. అందు ఉర్దూతో ఆంగ్లము కలసినది. చెరువు మాత్రము పోయినది. దూద్‌బౌలి, పుత్లీబౌలి, రేతీబౌలి, గచ్చిబౌలి అను పేర్లలో బావులు ఉన్నవి. లంగర్ హౌజ్ పేరులో హౌజ్ ఉన్నది. ఈ పేర్లను ప్రతిదినము బస్సు పలకలపై చదువుచున్నాము. కాని అందలి నీటి చప్పుడు మన చెవిని సోకుటలేదు.

ఇది కేవలము భాషావినోదము కాదు. చెరువు పేరు మరచిన చోట చెరువును కూడ మరచుట, మరచిన చోట ఇండ్లు కట్టుట, కట్టిన ఇండ్లలోనికి ఒకనాడు నీరు తన చోటు వెదకుకొనుచు వచ్చుట మన కాలమున కూడ జరిగినది. 2000 ఆగస్టులో కురిసిన భారీవర్షమునకు నాలాల వెంబడి పల్లపు వాడలు మునిగినవి. 2020 అక్టోబరులో పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి, హాఫిజ్ బాబా నగర్ మున్నగు వాడలలో సామాన్య కుటుంబములు సర్వస్వము కోల్పోయినవి. 1908 నాటి వరదలో విశ్వేశ్వరయ్య గుర్తించిన సత్యమునే, ఆ వరదకు 112 సంవత్సరముల పిదప అవే నేలలు మరల చెప్పినవి. అట్టి నష్టము మొదట తాకునది పల్లమున, చౌకగ దొరికిన స్థలమున ఇల్లు కట్టుకొన్న బీదవారినే. వారి పిల్లలే మన వంటి కళాశాలలలో చదువుచున్నారు. కావున నగరపు నీటి దారులు తెలిసికొనుట మనకు విహారము మాత్రమే కాదు, ఆత్మరక్షణ.

నిరాశ పడవలసిన పనిలేదు. సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేట మెట్లబావి చెత్తతో పూడిపోయి కనుమరుగై ఉండెను. దానిని త్రవ్వి శుభ్రపరచగా ఊట మరల ఉబికినది. 2022 డిసెంబరులో ఆ బావి ప్రజలకు తెరువబడినది. పూడిన బావి క్రింద ఊట చావదు. పైనున్న చెత్తను తీయు చేతులు మాత్రమే కావలెను.

7. మూడు దినముల విజ్ఞానయాత్ర

కార్యవర్గ పెద్దల పరిశీలనార్థము ఒక ప్రణాళికను సూచించుచున్నాము. ఇందు రాత్రి బస అవసరము లేదు. సిటీ బస్సు ఖర్చు, ప్రవేశ రుసుము, ఇంటి నుండి తెచ్చుకొన్న భోజనము చాలును. ప్రతి సాయంకాలము విద్యార్థులు ఇల్లు చేరుదురు. అందువలన పట్టికలో చేరని పేర్లు కూడ చేరగలవు.

మొదటి దినము: ఉదయము ఎండ ముదరక ముందే గోలకొండ ఎక్కవలెను, దిగునప్పుడు మట్టిగొట్టములను, తొట్లను గుర్తింపవలెను. మధ్యాహ్నము కుతుబ్ షాహీ సమాధులు, బడీ బావలీ. సమాధుల ప్రాంగణమునకు శుక్రవారము సెలవు. సాలార్‌జంగ్ మ్యూజియమునకును అంతే. జుమా నమాజు దినము కూడ కనుక మన యాత్రకు శుక్రవారము విడిచిపెట్టుట అన్ని విధముల ఉచితము.

రెండవ దినము: పురానాపూల్ నుండి కాలినడకన ఆరంభించి చార్మినార్, మక్కా మసీదు, గుల్జార్ హౌజ్, ఆషూర్‌ఖానా చూచి, నయాపూల్ మీదుగ చింతచెట్టు వద్ద కొంతసేపు మౌనముగ నిలచి, పిమ్మట మ్యూజియము దర్శింపవలెను. ప్రార్థనా స్థలములలో వేషభాషల మర్యాద పాటించుట ఏ మతము వారికైనను విధి.

మూడవ దినము: లంగర్ హౌజ్ చేరువన మూసీ, ఈసీ కలయు సంగమము, అచ్చటనే గాంధీ మహాత్ముని చితాభస్మము 1948లో కలుపబడిన బాపూఘాట్ ఉన్నది. అచ్చట నుండి హిమాయత్ సాగర్, గండిపేట. తిరుగు దారిన సంధ్యవేళకు హుస్సేన్ సాగరము. నీరు పుట్టిన వంక నుండి నీరు చెడిన వంకకు ఒకే దినమున ప్రయాణించిన అనుభవము విద్యార్థికి చిరకాలము నిలుచును.

ప్రతి విద్యార్థి ఒక నోటుపుస్తకము ఉంచుకొనవలెను. అందు ఐదు గడులు గీయవలెను: స్థలము పేరు తెలుగు లిపిలో, అదే పేరు ఉర్దూ లిపిలో, పేరునకు అర్థము, నిర్మాణ కాలము, నేటి స్థితి. తెలుగు విద్యార్థి ప్రక్కన ఉర్దూ విద్యార్థి కూర్చుండి వ్రాయవలెను. ఒకరికి తెలియనిది మరొకరు చెప్పవలెను. యాత్ర ముగిసిన పిదప ఎవరి వాడకు వారు పోయి, ఇంటి పెద్దలను, నానమ్మలను, దాదీలను అడిగి, తమ వీధిలో ఒకప్పుడు ఉండిన బావిని, కుంటను, కాలువను ఆరవ గడిలో చేర్పవలెను. పెద్దలు గతించిన పిదప ఆ గడి ఎన్నటికిని నిండదు. కనుక ఈ పనికి ఆలస్యము తగదు. అట్టి పుస్తకములన్నిటిని కళాశాల గ్రంథాలయమున భద్రపరచినచో కొలది సంవత్సరములలో ఈ నగరపు జలచరిత్రకు రెండు భాషలలో ఒక అమూల్యమైన ఆధారము మన చేత సిద్ధమగును.

ఉపసంహారము

నగరమును చూచుట అనగా కట్టడముల ముందు నిలచి ఛాయాచిత్రములు తీసికొనుట కాదు. ఇచ్చట మనకు పూర్వము ఉండినవారు ఏ కష్టమునకు ఏ ఉపాయము కనుగొనిరో గ్రహించుట. కొండపై దాహము కలిగినప్పుడు జలచక్రములు త్రిప్పిరి. నది అడ్డు వచ్చినప్పుడు వంతెన వేసిరి. వరద ముంచినప్పుడు ఎగువన సాగరములు కట్టిరి. నేడు మన నగరము దూరము నుండి కృష్ణా గోదావరుల నీరు తెచ్చుకొనుచున్నది. దూరపు నీరు వచ్చినదని దగ్గరి చెరువును మరచుట విజ్ఞత కాదు. గండిపేట, హిమాయత్ సాగర్ల పరిసరములలో కాలుష్య కారకములను నిషేధించుచు 1996లో వెలువడిన 111వ ఉత్తర్వుపై ఇన్ని సంవత్సరములుగ సాగుచున్న చర్చను విద్యార్థులు వార్తాపత్రికలలో శ్రద్ధగా చదువవలెను. చదివి తమ అభిప్రాయము తాము ఏర్పరచుకొనవలెను. రేపు ఇంజనీర్లు, అధికారులు, ఉపాధ్యాయులు, ఇల్లాండ్రు కానున్నవారు వారే. ఎచ్చట ఇల్లు కట్టవలెనో, ఎచ్చట కట్టరాదో రేపు నిర్ణయించువారు కూడ వారే.

దూరపు యాత్రలు వలదని మేము అనము. శక్తి గలవారు తప్పక చేయవలెను. అయితే ఏ విద్యార్థియు వెనుక మిగిలిపోని యాత్ర ఒకటి సంవత్సరమునకు ఒకసారియైన మన కళాశాల నుండి బయలుదేరవలెనని, అది మన నగరపు నీటి దారినే సాగవలెనని కార్యవర్గము వారికి సవినయముగ విన్నవించుచున్నాము.